ఏమని అడగాలి?

రావులపాలెంలో బస్సెక్కిన పెద్దాయన, ఒళ్ళో పాత హార్మోనియం పెట్టుకుని నా పక్కన కూర్చున్నారు. ఏం పని చేస్తారండీ అని అడిగారు. జనం ఇంటర్నెట్‌లో ఏ మాట కొట్టి వెతుకుతారో కనిపెట్టి, మా కంపెనీ వెబ్‌సైటు ముందు కనబడేలా చేస్తానని విడమరిచి చెప్పాను. అదే కిటుకు నా బయోడేటాకీ వాడి, వచ్చినవీ రానివీ పాతిక విద్యలు కుక్కాననీ, అయినా ఒక్క ఇంటర్వ్యూ గట్టెక్కలేదనీ కూడా చెప్పేశాను.

“మా ఆత్రేయపురంలో నా పేరు ఎవరికీ తెలీదండి. హార్మోనియాలు బాగుచేసే ఆయనంటే గుమ్మం దాకా తీసుకొచ్చి దింపుతారు. మరి మిమ్మల్ని ఏమని అడగాలండి?”

బయోడేటాలోని విద్యలు వరసగా చెప్పబోయాను. ఆయన మధ్యలోనే అందుకున్నారు: “కంప్యూటర్ మొహం ఎరగనోణ్ణి, మీరు చెబితే నాకే అర్థమైపోయిందండి.”

ఎవరికైనా అర్థమయ్యేలా చెప్పడం, ఆ పాతికలో అది లేదు. ఇంటికెళ్ళి అన్నీ కొట్టేసి, అదొక్కటే రాశాను.

నాలుగేళ్ళకి, రాజమండ్రిలో ‘పెద్దవాళ్ళకి కంప్యూటర్ నేర్పే మేడం’ అంటే మా వీధివాళ్ళు ఇల్లు చూపించడం మొదలెట్టాక, ఆయనకి ఆ సంగతి చెప్పాలని ఆత్రేయపురంలో దిగాను. పేరు తెలియదు. ఏమని అడగాలో తెలుసు.

కిళ్ళీకొట్టు దగ్గర అడిగితే, ఒకావిడ నన్ను గుమ్మం దాకా తీసుకెళ్ళి దింపింది.