కొడుకు మీద సాక్ష్యం చెప్పిన టీచరమ్మ

సాయంత్రం మేడ మీద ఆరిన బట్టలు తీస్తుండగా బస్టాండు వైపు ఖాళీ స్థలం నుంచి మైకు పరీక్షిస్తున్న గొంతు వినిపించింది. "హల్లెలూయ" అన్నాడెవరో. మైకులో పెట్టిన ఎకో ఆ మాటను పట్టుకుని సాగదీసి, ఒకదాని వెనక ఒకటిగా పులివెందుల మిద్దెల మీదుగా విసిరింది. ఊహ తెలిసినప్పటి నుంచి నా నోట్లో ఉన్న మాట అది. ఇప్పటికీ ప్రార్థనలో నేనూ అంటాను. కానీ ఎకో పెట్టిన మైకులో అది వినపడితే నా వీపు బిగుసుకుంటుంది. రేపటి నుంచి స్వస్థత సభలని పక్క మేడ మీది ఆమె చెప్పింది. మోకాళ్ల నొప్పులకు తనూ పోదామనుకుంటోందట. "మీరు క్రిస్టియన్సే గదా మేడం, మీరూ రాండి" అంది. "మీరు పోయి రాండి, మాత్రలు మాత్రం మానొద్దు" అన్నాను. ఆమె నా వైపు వింతగా చూసింది. ఆ మాట నా చేత అనిపించిన మనిషి గురించి గోడ మీదుగా చెప్పలేను. అందుకే రాస్తున్నాను.

జమ్మలమడుగులో మా చిన్నప్పుడు సువార్తమ్మ అంటే ఎవరికీ తెలిసేది కాదు. టీచరమ్మ అంటేనే తెలిసేది. వారమంతా ఎలిమెంటరీ బడిలో పాఠాలు, ఆదివారం రాతి చర్చి వరండాలో మాకు బైబిలు కథలు. పెళ్లయిన కొన్నేళ్లకే ఆమె భర్త పోయాడు. ఒక్కడే కొడుకు, తిమోతి. మాకంటే పెద్దవాడు. పాట ఎత్తుకుంటే పెద్దవాళ్లు కూడా మాటలాపి వినేవాళ్లు, అలాంటి గొంతు. నేనూ, మా అక్క గ్రేసూ ముందు వరసలో చాప మీద కూర్చునేవాళ్లం. అక్కకు చిన్నప్పటి నుంచే చక్కెర జబ్బు. ఇన్సులిన్ సూది పొడుచుకుంటేనే ఆమెకు రోజు గడిచేది. సూది పొడుచుకుని, జడ వేసుకుని, నవ్వుతూ చర్చికి వచ్చేది.

టీచరమ్మకు ఒక వింత అలవాటుండేది. అప్పుడప్పుడు కావాలనే కథ తప్పుగా చెప్పేది. ఒకసారి ధనవంతుడి కథ, అతని గుమ్మంలో పడున్న బిచ్చగాడు లాజరు కథ చెప్తూ, "లాజరుకు విశ్వాసం చాల్లేదు, అందుకే ఒంటినిండా కురుపులు. ధనవంతుడికి శానా విశ్వాసముండాది, అందుకే పట్టుబట్టలు" అని చెప్పి, మా మొహాలు చూస్తూ ఆగింది. మేమందరం తలలూపాం. అక్క ఒక్కతే లేచి నిలబడింది. "అట్ల లేదు టీచరమ్మా. బైబిల్లో అట్ల లేనే లేదు" అంది. టీచరమ్మ అక్కను దగ్గరికి తీసుకుని, "నేను జెప్పినా సరే, ఊరికే నమ్మొద్దండి. తీసి చూసుకోండి" అని మా అందరికీ చెప్పింది. తర్వాత కొడుకు వైపు తిరిగి, "నీకు తెల్సు గదరా, నువ్వెందుకు లేయలేదు?" అని అడిగింది. తిమోతి నవ్వాడు. "తెల్సు మా. కానీ నువ్వు జెప్పిన కథే బాగుండాది" అన్నాడు. పిల్లలందరూ నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు.

నాన్న ఆర్టీసీ డ్రైవరు. ఆయనకు ప్రొద్దుటూరు డిపోకు బదిలీ అయ్యేసరికి తిమోతి ఎక్కడో బైబిలు చదువు ముగించుకుని వచ్చి, ప్రొద్దుటూరులోనే మూతబడిన నూనె మిల్లు షెడ్డులో సొంతంగా సంఘం మొదలుపెట్టాడు. కొత్త ఊళ్లో మాకు తెలిసిన మొహం అతనిదే. "మన టీచరమ్మ కొడుకు" అని అమ్మ అనేది. ఆ ఒక్క మాట మాకు చాలింది. మాలాగే జమ్మలమడుగు, పెద్దముడియం వైపు నుంచి టీచరమ్మ దగ్గర అక్షరాలు నేర్చుకున్నవాళ్లు ఎందరో ఆమె పేరు చూసి ఆ షెడ్డుకు వచ్చారు. కొద్దికాలానికే షెడ్డు బయట కూడా షామియానాలు వేయాల్సి వచ్చింది. తిమోతి తెల్లబట్టలకు మారాడు. చేతులుంచి ప్రార్థించడం, కుంటివాళ్లను వేదిక మీద నడిపించడం, ఫోన్లలో ఆ వీడియోలు ఊరూరా తిరగడం, అన్నీ ఒకదాని వెనక ఒకటి జరిగిపోయాయి.

మొదట్లో టీచరమ్మ బస్సెక్కి వచ్చి ముందు వరసలో కూర్చునేది. కొడుకు పాడుతుంటే ఆమె కళ్లు తడిసేవి. తర్వాత ఎందుకో వెనక్కి జరిగి, పక్కవాకిలి దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. నేనొకసారి వెళ్లి పక్కన కూర్చుని, ఇక్కడెందుకని అడిగాను. "ముందర కూచుంటే వాడు కనపడతాడు నిర్మలా. ఈడ కూచుంటే బయటికి పోయేవాళ్లు కనపడతారు" అంది. అప్పుడు చూశాను. నడవలేక వచ్చి, ప్రార్థన తర్వాత కూడా నడవలేని ఒక ముసలాయనను వలంటీర్లు చంకల కింద చేతులు వేసి, మైకు జోరుగా మోగుతున్నప్పుడే ఆ పక్కవాకిలి గుండా దాటించేస్తున్నారు. టీచరమ్మ లేచి ఆయన వెంట బయటికి పోయింది. నేను వెళ్లి చూస్తే, ఎండలో ఆయన పక్కన నేల మీద కూర్చుని ఆయన ఊరూ పేరూ అడుగుతోంది. "బాగైనోళ్లను అందరూ చూపిస్తారు. బాగు కానోళ్లను ఏం జేస్తాండారో సూడాల. ఆడ తెలుస్తాది ఆ మనిషి మందను కాచే కాపరో కాదో" అంది నాతో, బస్టాండుకు నడుస్తూ. అదే రోజు ఆ ముసలాయన గురించి కొడుకును అడిగిందట. అతను, అమ్మా నీకు విశ్వాసం సన్నగిల్లింది, అన్నాడట.

నేను కడపలో బీఎడ్ చదువుతుండగా ఒక మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. గొంతు నిండా సంతోషం. "నాకు బాగైపోయింది నిర్మలా. తిమోతన్న చెయ్యి పెట్టి ప్రార్థన జేసినాడు. సూది పొడుచుకున్నప్పుడల్లా నీ విశ్వాసానికి తూటు పడతాంది అన్నాడు. ఇంగ ఆపేసినా" అంది. నేను అరిచాను, బతిమాలాను. అక్క నవ్వి ఫోన్ పెట్టేసింది. నాన్నకు చేస్తే, దేవుని పనికి అడ్డం రావద్దన్నాడు. దిక్కు తోచక టీచరమ్మకు చేశాను. ఆమె మరుమాట లేకుండా, "నేను పోతాండా. నువ్వూ రా" అంది.

నేను ప్రొద్దుటూరు చేరేసరికి టీచరమ్మ అక్క మంచం దగ్గరే ఉంది. అక్క కళ్లు గుంటలు పడ్డాయి. చెంబుల కొద్దీ నీళ్లు తాగుతోంది, తాగింది కక్కుతోంది. ఊపిరి లోతుగా, ఈడ్చినట్టు వస్తోంది. ఆ ఊపిరిలో మాగిపోయిన పండ్ల వాసన. "లోపల ఉండేదంతా దేవుడు కడుగుతాండాడంట" అని అమ్మ గొణిగింది. ఆ మాట ఆమెకే నమ్మకంగా లేదు.

"లేయ్ గ్రేసూ. ఆస్పత్రికి పోదాం" అంది టీచరమ్మ.

"వద్దు టీచరమ్మా. ఇప్పుడు సూది ఏయించుకుంటే ఇంతవరకు నిలబెట్టుకున్న విశ్వాసమంతా పోతాది."

"నేను తప్పు కథ జెప్తే లేచి నిలబడిన పిల్లవు నువ్వు. నన్నే తప్పు పట్టినావు. వాణ్ణెందుకు పట్టలేదు మా?"

అక్క ఊపిరి కూడగట్టుకుని చెప్పింది. "ఆయన మీ కొడుకు గదా. మీరు నేర్పిచ్చిందే గదా చెప్తాండేది."

టీచరమ్మ మొహం ఆ క్షణంలో ఎలా అయిందో ఇన్నేళ్ల తర్వాత కూడా రాయడం నా వల్ల కాదు. ఆమె లేచి వీధిలోకి పోయి ఆటో పిలుచుకొచ్చింది. నాన్న వాకిలికి అడ్డంగా నిలబడి, దైవజనుడు తిమోతిని ఒక్కమాట అడుగుదామని ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఎవరో వలంటీరు ఎత్తి, అన్న ఉపవాస ప్రార్థనలో ఉన్నాడని చెప్పాడు. "జరుగప్పా" అని టీచరమ్మ నాన్నను చేత్తో పక్కకు తోసింది. అమ్మా, నేనూ, ఆమే కలిసి అక్కను ఎత్తుకుపోయాం. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. మరుసటి రోజు మధ్యాహ్నానికి అక్క లేదు.

సమాధుల తోటకు తిమోతి వచ్చాడు. పెట్టె ఇంకా దించలేదు. అతను బైబిలు తెరిచి, మెత్తని గొంతుతో చెప్పడం మొదలుపెట్టాడు. మన సహోదరి దాదాపు గెలిచింది, కానీ ఆఖరి గడియలో అనుమానం చొరబడింది, ఆసుపత్రి మెట్లెక్కినప్పుడే ఆమె తన స్వస్థతను పోగొట్టుకుంది, అన్నాడు. అమ్మ నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. ఏడుపు కాదది. తవ్విపోసిన మట్టి మీదికి టీచరమ్మ ఎక్కడం నేను చూశాను.

"తిమోతీ, ఆపు" అంది. "ఈ పిల్ల అనుమానించలేదు. నమ్మింది. నిన్ను నమ్మింది. నన్ను చూసి నిన్ను నమ్మింది." తర్వాత జనం వైపు తిరిగింది. ఆమె గొంతు పెద్దది కాదు. అయినా ఆ తోటలో అందరికీ వినపడింది. "అప్పా, అందరూ ఇనండి. వీడు నా కడుపున పుట్టినాడు. వీడు చెప్పేది అబద్ధ బోధ. కన్నతల్లిని నేను జెప్తాండా. నా పేరు చూసి వీని కాడికి పోయినోళ్లు ఎవరన్నా ఉంటే, నా మాట ఇని వెనక్కి రాండి. మందులు మింగండి. దేవుడేమీ కోపం జేసుకోడు."

తిమోతి బైబిలు మూసి కారెక్కాడు. వాళ్లిద్దరూ తర్వాత చాలా ఏళ్లు మాట్లాడుకోలేదు.

ఆ మాటకు ఆమె చెల్లించిన మూల్యం తక్కువ కాదు. కొడుకు మనుషులు ఆమెకు దయ్యం పట్టిందని ప్రచారం చేశారు. జమ్మలమడుగు చర్చి పెద్దలు సైతం, ఇది మీ ఇంటి గొడవ టీచరమ్మా, చర్చిలోకి తేవద్దన్నారు. సండే స్కూలు ఆమె చేతిలోంచి తీసేశారు. నేనూ ఆమె కలిసి పోలీసు స్టేషనుకు పోయాం. తండ్రి వచ్చి రాసివ్వాలన్నారు వాళ్లు, కానీ నాన్న ఫిర్యాదు చేయనన్నాడు. అంతకంటే ఘోరం, ఆయన ఆ షెడ్డుకు పోవడం మానలేదు. నేను ఆయనతో మాట్లాడటం మానేశాను. టీచరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "మీ నాయననేం అనొద్దు పాపా. ఆయన ఆడికి పోయేది మానుకుంటే కూతురు ఎందుకు పోయిందో ఆలోచన చేయాల్సొస్తాది. అది ఆయన తట్టుకోలేడు."

ఆ తర్వాత ఆమె పని ఒకటే. షెడ్డుకు పోయేవాళ్ల ఇళ్లకు బస్సుల్లో తిరగడం. సెలవుల్లో నేనూ తోడు పోయేదాన్ని. పెద్దముడియంలో ఒక ఇంట్లో మా మీద కుడితినీళ్లు పోశారు. టీచరమ్మ కొంగు పిండుకుని పక్కింటి తలుపు తట్టింది. కొందరు తలుపే తీయలేదు. కొందరు లోపలికి పిలిచి, ఎవరికీ చెప్పొద్దంటూ, అటక మీద దాచిన మాత్రలు తీసి ఎలా మింగాలో అడిగారు. మూర్ఛ జబ్బు పిల్ల ఒకతె మళ్లీ మందులు మొదలుపెట్టి ఇప్పుడు సొంతంగా కుట్టుమిషను పెట్టుకుంది. ఇలాంటివాళ్లు కొద్దిమందే. తిరుగుప్రయాణంలో ఒకసారి అడిగాను, తిమోతి అబద్ధమని తెలిసే చెప్తున్నాడా అని. ఆమె కిటికీలోంచి శనగచేల వైపు తిరిగింది. "తెలీదు నిర్మలా. తెలిసి చెప్తాంటే వాడు దొంగ. తెలీక చెప్తాంటే నేను నేర్పిచ్చింది యాడబోయింది? ఏదైనా గానీ, వాని కోసం ప్రార్థన చేసేది మాత్రం మానలేదు. తల్లిని గదా" అంది.

కడుపులో గడ్డతో ఆమె జమ్మలమడుగు ఆసుపత్రిలో పడినప్పుడు నేను పులివెందుల బడిలో ఉద్యోగంలో ఉన్నాను. సెలవు పెట్టి దగ్గరుండి చూసుకున్నాను. ఒక సాయంత్రం తిమోతి వచ్చాడు. వెనక ఒకతను ఫోన్ పైకెత్తి పట్టుకుని వీడియో తీస్తున్నాడు.

"కొడుకుగా వస్తే రా నాయనా. ఆ ఫోను మాత్రం బయట పెట్టిరా" అంది టీచరమ్మ.

తిమోతి సైగ చేస్తే అతను వెళ్లిపోయాడు. నేను లేవబోతే, ఆమె నన్ను ఉండమంది. తిమోతి తల్లి కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు. అది నిజమైన ఏడుపే. "మా, నన్ను దీవించు" అన్నాడు.

"దీవిస్తా. ముందు ఒకటి జెప్పు. నీ మాట ఇని మందులు మానేసి పోయినోళ్లు ఎవరెవరో, వాళ్ల పేర్లు చెప్పు."

"దేవుని చిత్తం మా..."

"చిత్తం కాదురా. పేర్లు."

నేను అతని మొహమే చూస్తున్నాను. పెదాలు కదిలాయి. అక్క పేరు చెప్తాడని ఆ క్షణంలో నమ్మాను. ఒకే వరండాలో కూర్చుని పెరిగినవాళ్లం. బయట ఎవరో తలుపు మీద వేలితో కొట్టి, అన్నా సభకు టైమైంది, అన్నారు. తిమోతి మొహం తుడుచుకుని లేచాడు. మళ్లీ వస్తానన్నాడు. రాలేదు. ఆ వారంలోనే ఆమె పోయింది.

భూస్థాపన అయిన మరుసటి ఆదివారం అతను షెడ్డులో మాట్లాడిన వీడియో అందరి ఫోన్లలోకీ వచ్చింది. అమ్మ చివరి గడియలో నా తల మీద చేతులుంచి, నా సేవను దీవించి పోయింది, అంటున్నాడు. జనం ఏడుస్తున్నారు. నాన్న ఆ వీడియో నాకు చూపించి, "చూసినావా మా, టీచరమ్మ కూడా కడాకు ఒప్పుకునింది" అన్నాడు. ఆయన గొంతులో పెద్ద బరువు దిగినట్టు ఉంది.

"నేను ఆడ్నే ఉన్నా నాయనా. ఆమె దీవించలేదు. ఒకటి అడిగింది. ఆయన జవాబు చెప్పలేదు" అన్నాను.

"ఏం అడిగింది?"

చెప్పాను. నాన్న ఫోన్ మంచం మీద బోర్లా పెట్టాడు. గోడ వైపు తిరిగి, "గ్రేసు" అన్నాడు. అక్క పోయిన తర్వాత ఆయన నోట ఆ పేరు వినడం అదే మొదటిసారి. ఆ పై ఆదివారం నాన్న షెడ్డుకు పోలేదు. తర్వాతి ఆదివారం పోయాడు.

ఆ గదిలో ఉన్నది ముగ్గురం. ఒకామె మట్టిలో ఉంది. ఒకతను ఈ జిల్లా అంతా మైకులు పెట్టి, జరగనిది జరిగిందని చెప్తున్నాడు. మిగిలింది నేను. ఎవరైనా ఆ దీవెన మాట ఎత్తితే, అది పెళ్లిపందిరి కావచ్చు, బస్సు సీటు కావచ్చు, నేనక్కడ ఉన్నానని చెప్తాను. నమ్మేవాళ్లు తక్కువ. కొందరు నా ఎదుటే లేచి దూరంగా పోయి కూర్చుంటారు. వాళ్లు కూర్చున్న చోటికే పోయి మళ్లీ చెప్తాను.