చెవులున్న ఓడ

భిలాయి క్యాంప్ 1 సందుల్లో రోహిణి ఇల్లెక్కడని అడిగితే పెద్దవాళ్లు కాసేపు ఆలోచిస్తారు. ఏ రోహిణి, ఎవరి తాలూకు అని ఎదురు ప్రశ్నలు వేస్తారు. పిల్లలు అలా కాదు. "జహాజ్ దీదీయా?" అని గోళీలు జేబులో పోసుకుని ఇంటి గుమ్మం దాకా తెచ్చి మరీ దింపుతారు. సముద్రం ఛాయలైనా లేని ఈ ఊళ్లో ఒక ఆడపిల్లకి ఓడల దీదీ అన్న పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే, ముందు వాళ్లింటి పీట గురించి చెప్పుకోవాలి.

రోహిణి తండ్రి అప్పలసూరి స్టీలు ప్లాంటులో ఖలాసీ. ఖలాసీ అంటే బరువులెత్తేవాడు. భుజాల మీద కాదు, క్రేనుతో. ఏ యంత్రాన్ని ఎక్కడ పట్టుకోవాలి, ఇనప తాడు ఎటునుంచి చుట్టాలి, ఎత్తాక అది ఎటు ఒరుగుతుంది, ఇవన్నీ చూసుకునే పని. విజయనగరం వైపు నుంచి కుర్రతనంలో వచ్చి, ఆ పనిలోనే జుట్టు నెరిపించుకున్నాడు. ఏ వస్తువు కంటబడినా ముందు దాన్ని ఎక్కడ పట్టుకుని ఎత్తాలా అని చూడటం ఆయనకి అలవాటైపోయింది. పెళ్లిళ్లకి వెళితే పందిరిని కూడా అలాగే చూస్తాడని భార్య జోగమ్మ నవ్వుతుంది.

ఏటా విశ్వకర్మ పూజనాడు ఆ ఇంట్లో పీట కడిగి, పసుపు రాసి, ఎవరి పనిముట్టు వాళ్లది దాని మీద పెడతారు. అప్పలసూరి హెల్మెట్టు, ఇనప కొక్కెం, జోగమ్మ కుట్టుపని కత్తెర. ఆ రోజంతా వాటికి సెలవు, ఎవరూ ముట్టుకోకూడదు. పీట మీదకి ఏది ఎక్కాలో తేల్చేది అప్పలసూరే. పీటెక్కిందంటే అది పని, ఎక్కనిది కాలక్షేపం. ఆయన నోటితో ఎన్నడూ అలా అనలేదు గానీ ఇంట్లో అందరికీ తెలుసు.

తొంభై ఏడులో రోహిణి తమ్ముడు గిరీష్ చరోదా రైల్వే యార్డులో ఉద్యోగంలో చేరాడు. వాడి యూనిఫారం ఇంకా ఒక్క ఉతుకైనా సరిగ్గా చూడలేదు, వాడి ఎర్రజెండా, పచ్చజెండా దర్జాగా పీటెక్కి కూర్చున్నాయి. రోహిణి అప్పటికే నెహ్రూ నగర్‌లో సతీష్‌కుమార్ నడిపే కంప్యూటర్ సెంటర్‌లో పిల్లలకి పాఠాలు చెబుతోంది. ఆమె తన సంచిలోంచి ఫ్లాపీ తీసి, "ఇది కూడా పెట్టనా నాన్నా?" అని అడిగింది.

అప్పలసూరి ఆ నల్ల పలకని అటూ ఇటూ తిప్పి చూశాడు. అందులో ఏముందో గిరీష్ అంతకుముందే చెప్పేశాడు.

"ఆటలు కదమ్మా ఇందులో ఉన్నాయి. ఆటవస్తువులు పీట మీదెందుకు?" అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే రోహిణి ఎదురు చెప్పేదే. నోరున్న పిల్లే. మెత్తగా అనేసరికి ఫ్లాపీని సంచిలో పెట్టేసుకుంది. ఉద్యోగం చేస్తున్నందుకు కాదు, ఆ ఫ్లాపీలో తాను కట్టినదానికి పీట మీద చోటు కావాలని ఆమె పట్టుదల. అది పైకి చెప్పలేదు. చెప్పి చోటు సంపాదించుకోవడం ఆమెకి చిన్నతనంగా అనిపించింది.

ఇంతకీ ఆమె కట్టినదేమిటంటే, ఓడలు. అంతరిక్షంలో ఓడలు తిరుగుతూ సరుకు మోసుకుంటూ, దొంగలతో పోట్లాడుకుంటూ ఉండే ఒక కంప్యూటర్ ఆట సెంటర్‌లో ఉండేది. పాఠాలయ్యాక కుర్రాళ్లు దాని మీద పడేవాళ్లు. ఆ ఆటలో ప్రతి ఓడా ఒక ఫైలు. ఓడకి ఉన్న మూలలన్నీ అందులో అంకెలుగా ఉంటాయి. ఏ మూలని ఏ మూలతో కలిపితే ఏ రేకు అవుతుందో ఆ కిందే రాసి ఉంటుంది. ఒకసారి ఆ ఫైలు తెరిచి చూసిన రోహిణికి అంకెల వెనక ఓడ ఆకారం కనబడింది. ఒక అంకె మార్చింది. ఆటలోకి వెళ్లి చూస్తే ఓడ ముక్కు సాగింది. ఇంకేముంది, ఆ రోజు నుంచి ఆమెకి ఆట మీద ధ్యాస పోయింది, ఓడల మీదే ఉంది. పాత ఓడల్ని దిద్దడం వదిలేసి, పొట్ట పెద్దవి, తోక పొడుగువి తానే మొదటి మూల నుంచి చివరి రేకు దాకా కట్టడం మొదలుపెట్టింది.

ఆ పూజ అయిన తరవాతి వానాకాలంలో ఒక సాయంత్రం జోరుగా వాన పట్టుకుంది. కూతురు పొద్దున గొడుగు మరిచిపోయిందని అప్పలసూరి డ్యూటీ నుంచి అటే సెంటర్‌కి వచ్చాడు. తెర మీద రోహిణి కొత్త ఓడ మెల్లగా గిర్రున తిరుగుతోంది. చుట్టూ కుర్రాళ్లు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. అప్పలసూరి కూడా గొడుగు కారుతుండగా నిలబడి చాలాసేపు చూశాడు.

"బాగుందమ్మా. దీన్ని ఎక్కడ పట్టుకొని ఎత్తుతారు?" అన్నాడు.

కుర్రాళ్లు పకపక నవ్వారు. "అంకుల్, స్పేస్ మే వజన్ హీ నహీ హోతా," అన్నాడొకడు. అప్పలసూరి కూడా వాళ్లతోపాటు నవ్వేసి తన గొడుగు ఆమెకని గోడకి ఆనించి తడుస్తూ వెళ్లిపోయాడు. రోహిణికి ముందు సిగ్గేసింది. తరవాత తనకి సిగ్గేసినందుకు ఒళ్లు మండింది. ఆ మంట ఎవరి మీద చూపించాలో తెలియక ఇంటికొచ్చి తండ్రి మీదే చూపించింది.

"అంతరిక్షంలో బరువుండదు నాన్నా. ఎత్తక్కర్లేదు."

"పైన బరువు నేదు, సరే," అన్నాడు అప్పలసూరి తువ్వాలుతో తల తుడుచుకుంటూ. "కట్టడం కిందే కదా. షెడ్డులోంచి బయటికెలా తెస్తారు? చంకనేసుకుని వస్తారేటి?"

ఆటలో ఆ ఓడల్ని ఎవరూ ఎక్కడా కట్టరు. అవి ఊరికే ఉంటాయి. ఆ మాటే చెప్పొచ్చు. కానీ నిజంగా కడితే అన్న ఆలోచన అప్పుడే రోహిణి బుర్రలో దూరింది. ఇక అది బయటికి పోలేదు.

"అయితే ఎక్కడ పట్టుకోవాలి?" అని అడిగింది.

అప్పలసూరి వంటింట్లోకి వెళ్లి సొరకాయ పట్టుకొచ్చాడు. ఓడ కూడా ఇంచుమించు అలాగే ఉంది మరి, ఒక పక్క సన్నం, ఒక పక్క లావు. జోగమ్మ దారపు ఉండలోంచి దారం తెంపి, సొరకాయకి రెండుచోట్ల కట్టి, కిటికీ ఊచకి వేలాడదీశాడు. ముక్కు కిందికి వాలింది. దారం జరిపాడు. తోక వాలింది. మళ్లీ జరిపాడు. ఈసారి సొరకాయ బుద్ధిగా నిలబడింది.

"ఆ కాయ కూరకి తెచ్చేనయ్యా," అంది జోగమ్మ గుమ్మంలోంచి. "ఉరి తియ్యడానికి కాదు."

"ఉండవే, ఓడ ఎత్తుతన్నాం," అన్నాడు అప్పలసూరి, తల తిప్పకుండా.

అలా రోహిణి ఓడలకి చెవులొచ్చాయి. బరువైన సామానుకి కొక్కెం తగిలించడానికి పైన అతికించే ఇనప కడియాల్ని అప్పలసూరి చెవులంటాడు. ఆ ఆటలో ఇంకెవరు కట్టిన ఓడకీ అవి ఉండవు. ఉండాల్సిన అవసరమూ లేదు. ఆటకి వాటితో పైసా ప్రయోజనం లేదు, పైగా ఒక్కో కడియానికి బోలెడన్ని మూలలు రాసుకోవాలి. రోహిణి అవన్నీ ఓపిగ్గా రాసింది. చెవులు పెట్టిన ఓడని తెర మీద తిప్పి చూసుకుంటే, అది మొదటిసారి ఎక్కడో ఎవరో చెమటోడ్చి కట్టిన వస్తువులా కనబడింది. ఆ సంగతి ఆమె కన్నా ముందు కుర్రాళ్లు పట్టేశారు. నవ్వినవాళ్లే "కాన్‌వాలా జహాజ్", అంటే చెవుల ఓడ, కావాలని ఎగబడ్డారు. ఫ్లాపీల్లో పడి ఆ ఓడలు దుర్గ్ వెళ్లాయి, రాయపూర్ వెళ్లాయి. అక్కడి సెంటర్లలో చెవులున్న ఓడ కనబడితే భిలాయిలో కట్టిందని చెప్పుకునేవాళ్లు. క్యాంప్ 1 పిల్లలు ఆమెని జహాజ్ దీదీ అనడం అప్పుడే మొదలైంది.

అప్పలసూరి మాత్రం డ్యూటీ నుంచి వచ్చి టీ తాగుతూ "ఓడ ఎంతదాకా వచ్చింది?" అని అడిగేవాడు. ఆమె చెప్పేది. ఆయన తల ఊపేవాడు. అంతే. పీట ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఆ ఏటి విశ్వకర్మ పూజకి రోహిణి అన్నిటికన్నా పెద్ద ఓడ పూర్తి చేసింది. సరుకు మోసే ఓడ, వీపునిండా చెవులు. దాన్ని ఆ సాయంత్రమే సెంటర్‌లో అందరికీ చూపించాలి. రాయపూర్ నుంచి కూడా కుర్రాళ్లు వస్తున్నారు. ముందు రోజు సెంటర్ కంప్యూటర్లకి వైరస్ పట్టిందని, పండగకి ఇల్లు కడిగినట్టు సతీష్‌కుమార్ అన్నిటినీ తుడిచేశాడు. ఓడ ఇప్పుడు రోహిణి సంచిలో ఉన్న ఒక్క ఫ్లాపీలో మాత్రమే ఉంది.

పొద్దున్నే జోగమ్మ పీట కడిగింది. హెల్మెట్టు, కొక్కెం, కత్తెర, జెండాలు వరసగా కూర్చున్నాయి. రోహిణి కొబ్బరికాయ పీచు తీస్తూ తలొంచుకుని కూర్చుంది.

"ఆ నల్ల పలక ఏదమ్మా?" అన్నాడు అప్పలసూరి.

రోహిణి లేచి, సంచిలోంచి ఫ్లాపీ తీసి ఇచ్చింది. ఆయన దాన్ని రెండు చేతులా అందుకుని, గిరీష్ జెండాలని కాస్త పక్కకి జరిపి, హెల్మెట్టు పక్కన పెట్టాడు. గిన్నెలో తడి పసుపులో వేలు ముంచి, అక్కడే ఆగిపోయాడు.

"దీన్లో పని చేసేదేటి?" అని అడిగాడు.

ఆయన మాటకి అర్థం ఇంట్లో అందరికీ తెలుసు. ప్లాంటులో క్రేనుకి పూజ చేస్తే బొట్టు కొక్కేనికి పెడతారు, కేబినుకి కాదు. పని చేసేది ఏదో దానికే బొట్టు. పై తొడుగుకి పెడితే లెక్కలోకి రాదు.

పేరు చీటీ అతికించి ఉన్న చోటు చూపిస్తే సరిపోయేది. అక్కడ ఎంత పసుపు రాసినా ఓడకేమీ కాదు. రోహిణి తండ్రి ముఖంలోకి చూసింది. జీవితంలో ఏ పనిముట్టుకీ ఆయన దొంగ బొట్టు పెట్టలేదు. ఫ్లాపీని చేతిలోకి తీసుకుని, అంచున ఉన్న రేకు తలుపుని బొటనవేలితో పక్కకి జరిపింది. లోపల ఓడ అంకెలన్నీ దాచుకున్న పల్చటి గోధుమరంగు బిళ్ల కనబడింది.

"ఇది నాన్నా."

"దీదీ, తడి తగిలితే..." అన్నాడు గిరీష్. రోహిణి వాడి కాలు తొక్కింది.

అప్పలసూరి ఆ బిళ్ల మీద పసుపు అద్ది, మధ్యలో కుంకుమ పెట్టాడు. ఆమె తలుపు పట్టుకునే ఉంది. మామిడాకుతో నీళ్లు చల్లినప్పుడు కూడా వదల్లేదు. ఓడ మూలలన్నీ, రేకులన్నీ, వీపు మీది చెవులన్నీ ఆ పసుపు కింద పోయాయని ఆమెకి తెలుసు. బాధపడలేదంటే అబద్ధం. కానీ ఆ క్షణాన ఆమెకి కలిగిన గర్వం ముందు ఆ బాధ నిలవలేదు.

సాయంత్రం చూపించాల్సింది చూపించలేనని పక్కవీధి బూత్ నుంచి సతీష్‌కుమార్‌కి ఫోన్ చేసింది.

"క్యోం? ఓడ ఏమైంది?" అన్నాడాయన.

"పీట మీదుంది సార్. ఈ రోజు ముట్టుకోకూడదు," అంది.

మధ్యాహ్నం ప్లాంటులోకి కుటుంబాలని రానిచ్చారు. ఏటా ఆ ఒక్కరోజే రానిస్తారు. బంతిపూల దండ వేసుకుని క్రేను కదలకుండా నిలబడి ఉంది. దాని కింద ఖలాసీలంతా కొత్త చొక్కాల్లో గుంపుగా ఉన్నారు. అప్పలసూరి గిరీష్‌ని చూపించి "మావోడు, రైల్వే," అన్నాడు. తరవాత రోహిణి భుజం మీద చెయ్యి వేశాడు. ఇన్నాళ్లూ ఆయన కూతురి గురించి కంప్యూటర్ నేర్పుతుందనే చెప్పేవాడు.

"మా రోహిణి. ఓడలు కడతాది," అన్నాడు.

"ఓడలా? ఎక్కడ, విశాఖపట్నంలోనా?" అన్నాడు పక్కనున్న సూర్యారావు, ఆయనతో మొదటి నుంచీ పనిచేసిన మనిషి.

"కాదురా. ఆ పైన తిరిగేవి." అప్పలసూరి క్రేను కొక్కెం మీదుగా ఆకాశంలోకి వేలు చూపించాడు. గొంతు సవరించుకుని, "చెవులు మాత్రం నేను చెప్పినాను," అన్నాడు.

రోహిణి తల పైకెత్తి కొక్కెం వైపు చూసింది. దాని మీద ఎర్రగా బొట్టు ఉంది. పోయిన ఓడని రేపట్నుంచి మళ్లీ కట్టాలి. ఈసారి చెవుల దగ్గర్నుంచే మొదలుపెడదామని అనుకుంది.