ఖాళీ గదుల్లో పిన్ని పాఠం

మా పిన్ని పోయిన నెలలో చనిపోయింది. బడికి బయలుదేరుతూ గుమ్మం దగ్గర కూలబడింది. ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం లేదన్నారు. ఛత్తీస్‌గఢ్‌లోని రాయపూర్‌లో, రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపు వాళ్ళుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీ నుంచి అభన్‌పూర్ అవతల ఉన్న ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు ఆమె రోజూ బస్సులో వెళ్ళి వచ్చేది. ఆ వేళ ఎక్కాల్సిన బస్సు ఆమె లేకుండానే వెళ్ళిపోయింది.

కరోనా ఏడాది టీచర్ల శిక్షణంతా ఫోనులోకి వచ్చింది. వీడియో చివరిదాకా నడిస్తే చాలు, ఆ పాఠం పూర్తయినట్టే లెక్క. అందుకని కాలనీ టీచర్లు ఫోను ఆన్ చేసి వంటింట్లోకి వెళ్ళిపోయేవారు. పిన్ని మాత్రం చీర మార్చుకుని, కుర్చీ వేసుకుని, ఫోను ఎదురుగా కూర్చునేది. చెప్పింది నచ్చకపోతే అక్కడికక్కడే వాదనకు దిగేది.

పక్కింటి అమ్మాయి ఊళ్ళోనే గుఢియారీ బడిలో టీచరు. ఒక సాయంత్రం ఆమె తన ఫోను తెచ్చి పిన్ని ముందు పెట్టింది.

"ఆంటీ, మీరు ఎలాగూ సూస్తన్నారు కదా. నాదీ మీ పక్కనుంచండి. దానికీ థోడా జ్ఞానం వస్తాది."

"ఉంచు. ఒకటో తారీకున నీ జీతం కూడా దానికే ఇమ్మని సెప్తాను" అంది పిన్ని. ఆ అమ్మాయి నవ్వుతూ కూర్చుంది. పాఠం అయ్యేదాకా పిన్ని ఆమెను లేవనివ్వలేదు.

తరువాత శిక్షణ కార్యాలయం వాళ్ళు పిన్ని చేతనే ఒక పాఠం రికార్డు చేయించారు. ఇంటి భాష ఒకటి, బడి భాష ఇంకొకటి అయిన పిల్లలకు ఎలా చెప్పాలన్నది విషయం. ఇంట్లో తెలుగుతో పెరిగి హిందీ బడిలో అడుగుపెట్టిన మనిషి ఆమె. "మొదటి ఏడాదంతా నన్ను మూగదాన్ననుకున్నారు" అని చెప్పేది. తన బడిలో ఛత్తీస్‌గఢీ మాట్లాడే పిల్లలను ఎవరైనా మొద్దులంటే ఊరుకునేది కాదు. రికార్డింగు రోజున బాబాయి ఆమె వెంట వెళ్ళి బయట బల్ల మీద కూర్చున్నాడు. ఆయన వ్యాగన్ల వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. ఆ పాఠం మాత్రం ఎప్పుడూ చూడలేదు. "రోజూ ఇంట్లో యింటన్నాను, సాలదేటి?" అనేవాడు.

పెద్దకర్మ అయిన కొద్ది రోజులకు ఆయన నాకు ఫోను చేశాడు.

"బాబూ, నువ్వు పేపరోడివి కదా. ఆఫీసోల్లతో మాటాడి మీ పిన్ని వీడియో తీయించెయ్."

శిక్షణ గడువు దగ్గరపడడంతో కాలనీ టీచర్లందరూ ఆ పాఠం నడుపుతున్నారట. నేను వెళ్ళి సాయంత్రం వీధిలో నిలబడ్డాను. ఆయన చెప్పింది నిజమే. ఒక కిటికీలోంచి పిన్ని నమస్తే చెబుతోంది. ఎదురింట్లోంచి ప్రశ్న అడుగుతోంది. ఆ పైఇంట్లో పాఠం ముగించి సెలవు తీసుకుంటోంది. ఎదురింటి కిటికీలోంచి లోపలికి చూశాను. పప్పు డబ్బాకు ఆనించిన ఫోనులో పిన్ని మాట్లాడుతోంది. గదిలో ఎవరూ లేరు. పెరట్లో గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఆ గొంతు వినలేకపోతున్నావా, బాబాయ్?" అని అడిగాను.

"గొంతు కాదురా. అది అలగ మాటాడతానే ఉంటాది, ముందర మనిషుండడు. సచ్చిపోయినాక కూడా దాని మాట ఎవులికీ అక్కర్నేదా? బస్, తీయించెయ్."

కార్యాలయంలో అభ్యంతరం చెప్పలేదు. ఇంటివాళ్ళు ఒక్క మాట చెబితే తీసేస్తామన్నారు. అదే చెబుదామని మర్నాడు కాలనీకి వెళ్ళాను. బాబాయి ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి వరండాలో కనిపించాడు. ఒళ్ళో ఆ అమ్మాయి ఫోను ఉంది.

లోపలినుంచి ఆమె కేకేసింది. "అంకుల్, అయిపోనాదా? ఇంకోటి పెట్టనా?"

"అవనేదు. నీ వంట నువ్వు సేసుకో."

"బాబాయ్, తీసేస్తామన్నారు. నువ్వు ఊఁ అంటే..."

ఆయన అరచెయ్యి ఎత్తి నన్ను ఆపాడు. నేను ఆయన భుజం మీదుగా తెర వైపు వంగాను. నేనూ ఆ పాఠాన్ని ఎదురుగా ఉండి చూడడం అదే మొదటిసారి. నీలం చీరలో పిన్ని. చేతిలో బీరకాయ. దాన్ని పైకెత్తి, మీ ఇంట్లో దీన్ని ఏమంటారని హిందీలో అడిగింది. అడిగి ఆగింది. వీడియో నిలిచిపోయిందనుకున్నాను. నిలిచిపోలేదు, ఆమె రెప్పలు కదులుతున్నాయి. సూటిగా చూస్తూ జవాబు కోసం ఎదురుచూస్తోంది.

బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"బీరకాయ."

తెర మీద పిన్ని తల ఊపింది. "శాభాష్. ఇంకెవరు చెప్తారు?" అని హిందీలోనే అడిగి, తరగతిలో వెనక వరుసను వెతికినట్టు చూపు పక్కకు తిప్పింది.

బాబాయి ఫోను నా వైపు తిప్పాడు.