ప్రభావతి గారి వేట క్లాసు

వంటింట్లోంచి తుపాకీ నూనె వాసన వస్తే చాలు, ఇప్పటికీ నాకు కాలు ఒకచోట నిలవదు. సెలవులకి కాలేజీ నుంచి వచ్చిన మా అమ్మాయి స్నేహ బల్లమీద పాత దుప్పటి పరిచి తుపాకీ తుడుస్తోంది. రేపు వేటకి వెళుతుంది. ఆ పని దానికి నేర్పిన ప్రభావతి గారు పోయి రెండేళ్ళయింది.

ఆవిడది చీరాల. అమెరికాలో, ఆష్‌బర్న్‌లోని మా తెలుగు చర్చిలో అందరికంటే గట్టిగా పాడేవారు. ఆసుపత్రి ఎమర్జెన్సీలో నర్సు. శనివారాలు వేట నేర్చుకునే పిల్లలకి తుపాకీ జాగ్రత్తలు చెప్పేవారు. పదమూడేళ్ళ స్నేహ ఆ క్లాసుకి వెళతానన్న రోజున కన్నతండ్రిని కదా, చర్చి భోజనాల దగ్గరే ఆవిడతో గొడవ పెట్టుకున్నాను.

"పసిపిల్ల చేతికి తుపాకీ ఏంటండీ? రోజూ ఆసుపత్రిలో తుపాకీ దెబ్బలు చూస్తూ కూడా మీరే ఎంకరేజ్ చేస్తే ఎలా?"

"చూస్తున్నాను కాబట్టే చెప్తున్నానండి," అన్నారు పప్పు వడ్డిస్తూ. "రేపు ఏ ఫ్రెండ్ ఇంట్లోనో గన్ కనపడుతుంది. దాని దగ్గర ఎలా ఉండాలో తెలియొద్దూ? మీరూ క్లాస్ అటెండ్ అవ్వండి, తర్వాత తిట్టండి."

తిట్టడానికే వెళ్ళాను. చివరి రోజు గుళ్ళు లేని తుపాకులిచ్చి మమ్మల్ని అడవిలో నడిపించారు. పొదల్లో గోధుమరంగుది ఏదో కదిలింది. చటుక్కున గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కేశాను. పక్కనే ఉన్న స్నేహ తుపాకీ ఎత్తనే లేదు.

"సరిగ్గా కనపళ్ళేదు ఆంటీ. సో, నో," అంది.

ప్రభావతి గారు పొదలోకి వెళ్ళి, కొమ్మకి తగిలించి ఉన్న తన కోటు తెచ్చి నా చేతికిచ్చారు. "ఇందులో నేను లేను కాబట్టి సరిపోయింది. పిల్ల పాస్. మీరు ఫెయిల్." అంతమంది పిల్లల ముందు తల కొట్టేసినట్టయింది.

ఈ క్లాసు పాసైన పెద్దవాళ్ళు తోడు లేనిదే పిల్లలు వేటకి వెళ్ళకూడదు. నేను తప్పాను గనక స్నేహని ఆవిడకే అప్పగించాలి. వద్దనొచ్చు, కానీ ఏ మొహం పెట్టుకుని వద్దంటాను? "ఏమీ కాదని మాటివ్వండి," అన్నాను. "ఇవ్వలేనండి," అన్నారు. ఒళ్ళు మండిపోయింది.

వేట రోజున వాళ్ళిద్దరూ చెట్లలోకి వెళ్ళాక నేను కార్‌లో కూర్చున్నాను. తొమ్మిదింటికి తుపాకీ పేలిన చప్పుడు. ఫోన్ చేస్తే ఇద్దరూ ఎత్తలేదు. వెతుక్కుంటూ అడవిలోకి పరిగెత్తకూడదని క్లాసులో చెప్పారు. కారు చుట్టూ తిరుగుతూ ప్రభువా, ప్రభువా అని ఏడ్చాను. అరగంటకి ఇద్దరూ ఉత్త చేతులతో వచ్చారు. పేల్చింది ఇంకెవరో! నోటికొచ్చినట్టు అరిచాను. స్నేహ కారెక్కాక ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆ సౌండ్‌కి దాన్ని కిందకి లాగేసి మీద పడుకున్నానండి. నాకూ గుండె ఆగినంత పనైంది."

అంత నిబ్బరంగా కనిపించే మనిషి ప్రతి శనివారం ఆ భయంతోనే పిల్లల ముందు నిలబడేవారని నాకు అప్పుడు తెలిసింది.

మొన్న చర్చిలో ఒకతను అడిగాడు, "అన్నా, మా పాపని వేటకి పంపొచ్చా? సేఫేనా?" అవుననేస్తే ఇద్దరికీ హాయి. "తెలీదు తమ్ముడూ. నేను పంపాను, ఇప్పటికీ భయమే," అన్నాను. అతని మొహం వాడిపోయింది. అయినా అబద్ధం చెప్పి ఒక తండ్రిని నిద్రపుచ్చలేను. ఆవిడ నన్ను అలా నిద్రపుచ్చలేదు.