రొట్టె కింద పార

కరకోల్ సంతలో తన కొట్టు ముందు ఒమూర్జాక్ అంతసేపు తచ్చాడటం చూసి బూరుల్‌కు నవ్వొచ్చింది. పరదేశీయులు వదిలేసి పోయిన స్కీలు, బూట్లు, వీపుసంచులు అమ్ముకుని బతికే మనిషి ఆమె.

"సంచీ కొంటున్నావా అన్నా, సంబంధం చూస్తున్నావా? పిల్లకి ఎర్రది నచ్చిందిగా, ఇచ్చేయనా?"

పిల్ల అంటే పక్కనే నిలబడ్డ మేరిమ్, ఒమూర్జాక్ చనిపోయిన తమ్ముడు బకాస్ కూతురు. ఈ చలికాలం నుంచి ఆమె కూడా స్కీలు కట్టుకుని కొత్తవాళ్ళకు కొండదారి చూపబోతోంది. తల్లి వద్దని ఏడ్చి ఏడ్చి, చివరికి ఒకటే కోరింది: "సంచీ మాత్రం మీరే చూసి ఇప్పించండి బావగారూ."

ఒమూర్జాక్ పుట్టింది జిర్గలాన్ బొగ్గుగని పక్కన. గని మూతపడ్డాక గుర్రాలు మేపాడు. మంచుకొండలెక్కే సరదా ఉన్నవాళ్ళు ఊరికి రావడం మొదలయ్యాక, తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకుని వాళ్ళకు దారి చూపే పనిలో దిగాడు. అన్నదమ్ములిద్దరివీ ఒకే నోరున్న సంచులు. అడుగున తాళ్ళు, వాటి మీద పార, అన్నిటికీ పైన రొట్టె. కళ్ళకద్దుకుని తినే రొట్టె మీద మరో వస్తువు పెట్టడం ఆ ఊళ్ళో ఎవరి ఇంటా వంటా లేదు. నేల మీద పెట్టడం అసలే లేదు.

ఎర్ర సంచీ తేలిగ్గా ఉంది, వీపుకు అతికినట్టుంది. స్కీలు కట్టే పట్టీలు గట్టివే. నడుం పట్టీ బిళ్ళను చేతితొడుగులు వేసుకుని కూడా సులువుగా విప్పొచ్చు. నోరు మాత్రం ఒక్కటే.

ఒమూర్జాక్ బూరుల్ దగ్గర పార తీసుకుని ఆ సంచీలో దింపాడు. కోటు లోపల దాచుకున్న రొట్టె తీసి దాని పైన పెట్టాడు.

"నేను మంచు కింద పడ్డాను. తవ్వు."

మేరిమ్ నవ్వుతూనే సంచీ తెరిచింది. రొట్టెను రెండు చేతులా తీసింది. కాళ్ళ కింద బురద. చుట్టూ పాత బూట్లు. ఎక్కడ పెట్టాలో తోచక అటూ ఇటూ చూసి, "పట్టుకో అత్తా," అంటూ బూరుల్‌కు అందించబోయింది.

"అక్కడ అత్త ఉండదు," అన్నాడతను.

"నిజంగా మనిషి కింద ఉంటే పారేస్తాలే పెదనాన్నా!"

"నేనూ అలాగే అనుకునేవాణ్ణి."

బూరుల్ నవ్వు ఆగిపోయింది. మేరిమ్ చేతుల్లో రొట్టె అలాగే ఉండిపోయింది. నాన్న పోయిన రోజు, కొండ మీంచి మంచు జారి అతన్ని కప్పేసినప్పుడు స్కీ కొన ఒక్కటే పైకి కనబడిందని ఆమెకు తెలుసు. పెదనాన్న చేత్తో తవ్వి, తర్వాత పారతో తవ్వాడని, తీసేసరికి ఊపిరి లేదని తెలుసు. పార తీసే ముందు అతను కోటు గుండీలు ఒక్కొక్కటీ విప్పి, రొట్టెను రొమ్ము దగ్గర దోపుకుని, మళ్ళీ గుండీలు పెట్టుకున్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అతను మూలనున్న బూడిదరంగు సంచీ లాగాడు. బరువు, వెలిసిన గుడ్డ. పారకు విడిగా ముందు వైపు ఒక అర, దానికి వేరే నోరు.

"ఈ అరలో పార తప్ప ఇంకేమీ పెట్టకు. తాయెత్తు కూడా వద్దు."

మేరిమ్ ఎర్రదాని వంక మళ్ళీ చూడలేదు. బూడిదరంగు సంచీ భుజాన వేసుకుని, రొట్టెను అతని చేతికిచ్చింది. ఒమూర్జాక్ దాన్ని నుదుటికి ఆనించుకుని, కోటు లోపల దోపుకున్నాడు. గుండీలు పెట్టుకోబోయాడు. మేరిమ్ ముందుకు వంగి, ఒక్కొక్కటిగా తనే పెట్టింది.