మృదంగానికి గిన్నెడు రవ్వ

"అక్కా, జర రవ్వ ఉంటే ఇయ్యి. మృదంగానికి."

"నువ్వు తిననీకి అడుగు తమ్మీ, కడుపునిండ ఇస్త."

"నాకేం ఫికర్ లేదక్కా. దానికే."

మా ఇంటాయన పోయాక, నకిరేకల్‌లో మా వెనక గదిని మృదంగం వాయించే అతనికి కిరాయికిచ్చాను. అతనితో నా చివరి మాటలివే. కరోనాతో కచేరీలన్నీ ఆగిపోయినా పొద్దున్నే సాధన మానలేదు. ఎడమవైపు తడి రవ్వ ముద్ద అంటిస్తేనే మృదంగం గుమ్మని మోగుతుంది. ఆకలి తనదైనా దాని పేరు మీదే అడిగేవాడు.

గిన్నెడు ఇచ్చాను. మర్నాడు గోడ అవతల ఎడమవైపు డొల్లగా పలికింది. రవ్వ తిన్నాడని సంతోషించాను. తర్వాతి పొద్దున కుడివైపు కూడా పలకలేదు, దగ్గొక్కటే వినిపించింది. మధ్యాహ్నానికి అదీ ఆగింది. లేచి వెళ్లి, అతని తలుపు తోశాను.

ఈడ ఆపు బిడ్డా. జర ఇంతవరకు నేను చెప్తే నువ్వు రాసింది చదివి వినిపించు.