మాక్లూర్ గట్టు మీద మూడో ఉపగ్రహం

మా కాలేజీలో ఫైనలియర్ వాళ్లం కలిసి మూడు చిన్న ఉపగ్రహాలు తయారు చేస్తున్నాం. ఒక్కోటి చెప్పుల డబ్బా అంత ఉంటుంది. పైకి వెళ్లాక అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ సూర్యుడి నుంచి వచ్చే కణాలను కొలవాలి. ఈ రోజు వాటిని దూరదూరంగా పెట్టి మాట్లాడించి చూశాం. రెండు నిజామాబాద్‌లో కాలేజీ మేడ మీద, మూడోది నాతో మాక్లూర్ దగ్గర వరి పొలం గట్టున.

పొద్దుటి నుంచి నా డబ్బా ఉలకలేదు, పలకలేదు. రెండుసార్లు విప్పి బిగించాను. మధ్యాహ్నం కాలేజీ మేడ మీదున్న నా క్లాస్‌మేట్ శ్రావణి ఫోన్ చేసి, "ఇయ్యాల గాకుంటె మనల్ని పైకి పంపే లిస్టులకెళ్లి తీసేస్తరే" అని ఏడ్చింది. నాకు ఏడ్చే ఓపిక కూడా లేదు.

పొలం తడుపుతున్న అవ్వ దగ్గరికొచ్చింది.

"గదేం పెట్టె బిడ్డా? పొద్దుగాల సంది దాని ముంగటనే గూసున్నవ్."

"రేడియో అసొంటిది అవ్వా. పలుకుతలేదు."

"మా మోటర్ నడిస్తె మా రేడియో గూడ గరగర అంటది. ఆగు, బంద్ జేస్త."

మోటారు ఆగిన నాలుగు నిమిషాల్లో మూడూ మాట్లాడుకున్నాయి. ఫోన్లో శ్రావణి అరుపులు. అవ్వ మోటారు వేయబోయేసరికి కరెంటు పోయింది. సగమే తడిసిన మడి వైపు చూసి, "రేపు పారిస్త తియ్" అంది.

ఇప్పుడు రిపోర్టు రాస్తున్నాను. 'లోపం ఎలా సరిచేశారు' అన్న చోట 'అవ్వ మోటారు ఆపింది' అని రాశాను. సార్ ఉంచుతారంటారా, కొట్టేస్తారంటారా?